క్యాపిటల్ డే: ఏడాది చందా కట్టి నేను కొనుక్కున్న ఏడు నిమిషాలు

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తున్నా: ఐదుకి మూడున్నర. అందులో అర మార్కు బస్సు డ్రైవర్‌ది. మిగతా మూడు ఎలా వచ్చాయో, ఆ ఒకటిన్నర ఎక్కడ పోయిందో కింద రాశాను.

ఈ రివ్యూ టెక్సస్‌లో ఫిజీషియన్ అసిస్టెంట్ల (పీఏల) తరఫున చట్టసభ చుట్టూ తిరిగే సంఘాల్లో ఒకదాని సభ్యత్వం మీద, వాళ్లు 2023 వసంతంలో ఆస్టిన్‌లో పెట్టిన ‘క్యాపిటల్ డే’ మీద. అంటే సభ్యులంతా కలిసి చట్టసభ ఆఫీసులకి వెళ్లి తమకి కావాల్సింది అడిగే రోజు. సంఘం పేరు రాయను. తప్పులు ఎంచబోతున్నాను, మళ్లీ వాళ్ల బస్సే ఎక్కాలి.

నా సంగతి. ఊరు తెనాలి. అక్కడ ఫిజియోథెరపీ చదివి, పెళ్లయ్యాక హెచ్4 మీద, అంటే మా ఆయన ఉద్యోగ వీసాకి తోడుగా ఇచ్చే వీసా మీద, డాలస్ వచ్చాను. పని చేసే వీల్లేదు, చదువుకోవచ్చు అన్నారు. సరే చదువుకుందామని కమ్యూనిటీ కాలేజీలో కెమిస్ట్రీ దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాను. ఆ తర్వాత 27 నెలల పీఏ కోర్సు, 300 ప్రశ్నల పాన్స్ పరీక్ష, లైసెన్సు. ఆరేళ్లుగా డాలస్‌కి ఉత్తరాన ఒక అర్జెంట్ కేర్‌లో చేస్తున్నాను. జ్వరాలు, దగ్గులు, తెగిన వేళ్లు, విరిగిన మణికట్లు, చెవిలో పూస పెట్టుకున్న పిల్లలు. రోజుకి పాతిక ముప్ఫై మంది.

ఇన్నేళ్లలో నాకు అన్నిటికంటే కష్టమైన ప్రశ్న పరీక్షలో రాలేదు. మా పిన్ని అడిగింది. ‘డాక్టరా, నర్సా?’ అంది. రెండూ కాదన్నాను. ‘అయితే కాంపౌండరా?’ అంది. ఆవిడ తప్పేం లేదు. అసిస్టెంట్ అన్న మాట వింటే మనవాళ్లకి కళ్ల ముందు కనపడేది డాక్టరు గది బయట కూర్చుని టోకెన్లు ఇచ్చే మనిషే. ఇంకొంచెం ఊహించగలిగినవాళ్లు ‘మన ఊళ్లో ఆర్‌ఎంపీ లాగానా’ అంటారు. అది వింటే నాకు ఒళ్లు మండుతుంది గానీ, మా ఆయన మాత్రం పడీ పడీ నవ్వుతాడు.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. ఈ వృత్తి 1965లో నార్త్ కరోలినాలోని డ్యూక్ యూనివర్సిటీలో పుట్టింది. డాక్టర్ల కొరత ఉంది. మరో పక్క నేవీలో గాయాలకి కట్లు కట్టి, ప్రాణాలు నిలబెట్టి, బయటికొచ్చాక ఏ పనీ దొరకని కోర్‌మెన్ అనే వైద్య సహాయకులు ఉన్నారు. డాక్టర్ యూజీన్ స్టెడ్ అనే ఆయన ఆ రెండిటికీ ముడి వేశాడు. 1967లో ముగ్గురు బయటికొచ్చారు. మేం పేషెంటుని చూస్తాం, టెస్టులు రాస్తాం, రోగం ఏమిటో తేలుస్తాం, మందు రాస్తాం, కుట్లు వేస్తాం, ఆపరేషన్‌లో డాక్టర్ ఎదురుగా నిలబడి సాయం చేస్తాం. అయితే ఎంతవరకు చెయ్యొచ్చో చెప్పేది మా చదువొక్కటే కాదు, మేం ఉన్న రాష్ట్రం చట్టం. లైసెన్సు చట్టం రాష్ట్రానిది కాబట్టి రాష్ట్ర సరిహద్దు దాటితే అదే మనిషి, అదే బుర్ర, వేరే అధికారాలు. మన దగ్గర కూడా ఈ కోర్సు 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో మొదలైంది, 2021లో కేంద్రం తెచ్చిన అలైడ్ హెల్త్ చట్టంలో ఈ వృత్తి పేరు ఎక్కింది. ఇది మా పిన్నికి చెప్పాను. ‘అయితే చెన్నైలోనే చదువుకోవాల్సింది’ అంది.

టెక్సస్‌లో నేను మందు రాసేది ఒక డాక్టర్ నాకు అప్పగించిన అధికారంతో. ఇద్దరి మధ్యా రాతపూర్వక ఒప్పందం ఉండాలి, నెలనెలా మాట్లాడుకోవాలి. 2013లో వచ్చిన ఎస్‌బీ 406 అనే చట్టం ప్రకారం ఒక డాక్టర్ ఏడుగురి దాకా ఇలా అధికారం అప్పగించొచ్చు. అంతకుముందు నలుగురే. నాకు వీటితో పెద్ద పేచీ లేదు. మా డాక్టర్ మంచివాడు, ఫోన్ చేస్తే ఎత్తుతాడు. నా పేచీ అంతా ‘షెడ్యూల్ 2’ అనే ముక్కతో, అంటే అలవాటైపోయే ప్రమాదం ఎక్కువున్న మందుల ప్రభుత్వ జాబితాతో. నన్ను బస్సెక్కించింది అదే.

ఒక శనివారం సాయంత్రం. నిచ్చెనెక్కి కంచె బాగు చేసుకుంటూ ఒకాయన జారి పడ్డాడు. అరవై దాటిన మనిషి. మణికట్టు విరిగింది, ఎక్స్‌రే చూస్తే చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది. చెయ్యి తిన్నగా పెట్టి స్ప్లింట్ వేశాను. సోమవారం ఎముకల డాక్టర్ దగ్గరికి అపాయింట్‌మెంట్ పెట్టాం. మరి ఈ రెండు రాత్రులు నొప్పికి? కిడ్నీలు అంతంతమాత్రం, ఐబుప్రోఫెన్ వద్దు. డిప్రెషన్‌కి సెర్ట్రలీన్ వాడుతున్నాడు, ట్రమడాల్ కలిపితే ప్రమాదం. కొడీన్ ఇస్తే గతంలో వాంతులతో ఆస్పత్రిలో పడ్డాడట. మిగిలింది హైడ్రోకోడోన్ అనే నల్లమందు జాతి నొప్పి మందు, ఓ పది మాత్రలు. అది షెడ్యూల్ 2. నేను రాయకూడదు.

డాక్టర్‌కి ఫోన్ చేశాను. ఆయన ఎవరిదో పెళ్లిలో ఉన్నాడు. ‘సరే, ఇద్దాం’ అన్నాడు. కానీ నోటిమాటతో కుదరదు. 2021 జనవరి నుంచి టెక్సస్‌లో ఇలాంటి మందులు కంప్యూటర్‌లోనే పంపాలి, పంపేవాళ్లే తమ లాగిన్‌తో, తమ కోడ్‌తో పంపాలి. పెళ్లి పందిట్లో ఆయన దగ్గర ల్యాప్‌టాప్ ఎక్కడిది? కారు దాకా వెళ్లాడు, ఫోన్‌లో కోడ్ రాలేదు, మళ్లీ ప్రయత్నించాడు. గంటా నలభై నిమిషాలు పట్టింది. ఆ గంటా నలభై నిమిషాలూ ఆ పెద్దాయన మూడో గదిలో పళ్లు బిగబట్టుకుని గోడ మీద ఫ్లూ టీకా పోస్టర్ చూస్తూ కూర్చున్నాడు. ఆయన భార్య రెండుసార్లు బయటికొచ్చి ‘మీరే డాక్టర్ కదా, మీరే రాయొచ్చు కదా’ అంది. కాదని చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టేది. ఆవిడకి అర్థం కాలేదు. రోడ్డుకి అవతల ఆస్పత్రి ఎమర్జెన్సీలో పనిచేసే పీఏ, డాక్టర్ అధికారం అప్పగిస్తే, అక్కడి పేషెంటుకి ఇదే మందు ఆర్డర్ పెట్టొచ్చు. నేను రోడ్డుకి ఇవతల ఉన్నాను, అంతే తేడా.

ఇంకో సంగతి మా క్లినిక్‌లో సీనియర్ చెప్తే తెలిసింది. ఒకప్పుడు టెక్సస్ పీఏలు హైడ్రోకోడోన్ మాత్రలు రాసేవాళ్లట. అప్పట్లో అది షెడ్యూల్ 3. 2014 అక్టోబర్ 6న కేంద్రంలో మత్తుమందుల మీద నిఘా పెట్టే డీఈఏ దాన్ని షెడ్యూల్ 2కి మార్చింది. టెక్సస్ చట్టంలో ఒక్క అక్షరం మారలేదు, మందే ఈ గది నుంచి ఆ గదికి మారింది. ముందు రోజు రాసిన చెయ్యి మర్నాడు రాయకూడదు. తమాషా ఏంటంటే అక్టోబర్ 6 మా వృత్తి పండగ రోజు. ‘ఆ ఏడు కేకు కోస్తుంటే ఎవరికీ నవ్వు రాలేదు’ అంది ఆవిడ.

ఆ శనివారం తర్వాత సోమవారం చందా కట్టాను.

చందా కడితే వచ్చేవి ఏంటంటే, వారానికో న్యూస్‌లెటర్, సీఎంఈ (ఉద్యోగంలో ఉంటూ చేసే వైద్య విద్య) క్లాసుల మీద తగ్గింపు, ఉద్యోగాల పేజీ, క్యాపిటల్ డేకి రిజిస్ట్రేషన్. న్యూస్‌లెటర్ బాగుంటుంది. ఏ బిల్లు ఏ కమిటీ ముందు ఉందో తేలిక ఇంగ్లిష్‌లో రాస్తారు, పైగా పొడుగు ఉండదు. సీఎంఈ సంగతి సరే, రెండేళ్లకి వంద గంటలు ఎలాగూ చెయ్యాలి, ఎక్కడైనా దొరుకుతాయి. ఉద్యోగాల పేజీ దండగ.

రిజిస్ట్రేషన్ దగ్గర మొదటి అర మార్కు పోయింది. ఫారంలో ‘పీఏసీకి విరాళం ఇస్తారా’ అని ఒక గడి ఉంది, ముందే టిక్ పెట్టి. పీఏసీ అంటే ఎన్నికల్లో అభ్యర్థులకి డబ్బిచ్చే నిధి. ఎవరు ఇవ్వొచ్చో, ఎవరు ఇవ్వకూడదో అక్కడ ఒక్క ముక్క లేదు. ఇది మనవాళ్లు ముఖ్యంగా గమనించాలి. హెచ్1 ఉద్యోగ వీసా మీదో, హెచ్4 ఈఏడీ (పని అనుమతి కార్డు) మీదో ఉన్నవాళ్లు ఎన్నికల విరాళాలు ఇవ్వకూడదు, రాష్ట్ర ఎన్నికలకైనా సరే. గ్రీన్‌కార్డు ఉంటే ఇవ్వొచ్చు. అలాగని భయపడి ఇంట్లో కూర్చోనక్కర్లేదు. వెళ్లి ఎమ్మెల్యేతో మాట్లాడటానికి, మన బాధ చెప్పుకోవడానికి పౌరసత్వం అడ్డు కాదు. నాతో బస్సులో వచ్చిన ఒక గుంటూరమ్మాయి ఈ భయంతోనే పోయినసారి రాలేదట. ‘అక్కా, మన స్టేటస్‌కి ఏమన్నా అవుతుందా’ అని టెంపుల్ ఊరు దాటేదాకా అడుగుతూనే ఉంది.

వెళ్లేముందు రోజు రాత్రి గంటసేపు జూమ్‌లో శిక్షణ. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు మాట్లాడారు. బాగా మాట్లాడారు, వాళ్లే మాట్లాడారు. మా చేత ఒక్కసారి కూడా మాట్లాడించలేదు. ‘మీ కథ చెప్పండి’ అని స్లైడ్ మీద పెద్ద అక్షరాలతో ఉంది. ఎలా చెప్పాలో, ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పలేదు. తెల్లకోటు వేసుకురమ్మని ఒక మెయిల్, వద్దని ఇంకో మెయిల్. నేను మడతపెట్టి సంచిలో వేసుకున్నాను.

తెల్లవారుజామున ఐదింటికి ప్లేనోలో బస్సు. డ్రైవర్ గురించి చెప్పాలి. డెబ్బైకి దగ్గరున్న మనిషి. ఎక్కేవాళ్లందరి ముఖాలూ చూసి ‘మీలో ఎవరైనా బీపీ చూస్తారా’ అని మొదలుపెట్టి, వేకో దాటేలోపు తన భార్య మోకాలి ఆపరేషన్ మొత్తం చెప్పాడు. ఆపరేషన్ తర్వాత రోజూ వచ్చి చూసింది ఒక పీఏనే అట. ‘సర్జన్‌ని రెండుసార్లు చూశాం, ఆ అమ్మాయిని పన్నెండుసార్లు చూశాం’ అన్నాడు. శిక్షణలో స్లైడ్లన్నీ తీసేసి ఈయన్ని కూర్చోబెడితే సరిపోయేది. దారిలో వెస్ట్ అనే ఊళ్లో ఆపాడు, కొలాచీల కోసం. చెక్ వలసదారుల మిఠాయి అది, మధ్యలో పండు పెట్టిన బన్ను అనుకోండి. వెస్ట్‌లో ఆగకుండా ఆస్టిన్ వెళ్తే ఆ ప్రయాణం లెక్కలోకి రాదని మా ఆయన సిద్ధాంతం.

టెక్సస్ చట్టసభ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరాల్లో, 140 రోజులు కూర్చుంటుంది. ఆ 140 రోజుల్లో కాకపోతే మళ్లీ రెండేళ్లు. సభ్యులకి జీతం ఏడాదికి 7,200 డాలర్లు. మా క్లినిక్‌లో ఫోన్లు ఎత్తే పిల్లకి అంతకంటే ఎక్కువ వస్తుంది. 2023లో దాదాపు 8 వేల బిల్లులు వచ్చాయి, పాసైనవి 1,200 పైచిలుకు. అంటే ఆ ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లకి మనం ఆరోజు ఎనిమిదో గుంపు, మన కష్టం ఐదువేల ఎన్నోదో కాగితం. ఇది తెలుసుకుని వెళ్తే మనసు కష్టపెట్టుకోం.

భవనం మాత్రం చూసి తీరాలి. 1888లో కట్టారు, ఎర్రటి గ్రానైటు. ఎత్తు 302 అడుగులు, వాషింగ్టన్‌లో ఉన్న క్యాపిటల్ కంటే ఎక్కువ. ఈ మాట టెక్సస్ వాళ్లు మనం అడక్కుండానే చెప్తారు. గుమ్మటం కింద నేల మీద నక్షత్రం ఉంటుంది. దాని నడిమధ్య నిలబడి చప్పట్లు కొడితే పైనుంచి తిరిగొచ్చి మన నెత్తి మీద పడుతుంది. నాకు నచ్చింది తలుపు బందులు. ఒక్కో ఇత్తడి బందు మీద ‘టెక్సస్ క్యాపిటల్’ అని అక్షరాలు చెక్కి ఉన్నాయి. బందు మీద పేరు చెక్కించుకునే వాళ్ల దగ్గరికి చట్టంలో ఒక వాక్యం మార్చమని అడగడానికి వచ్చామని నవ్వొచ్చింది.

చాలామంది సభ్యుల ఆఫీసులు ఈ అందమైన భవనంలో ఉండవు. 1993లో వెనక నేలలోపల తవ్వి కట్టిన ఎక్స్‌టెన్షన్‌లో ఉంటాయి. ఈ1, ఈ2 అని నంబర్లు. పైన అద్దాల కప్పులోంచి వెలుగు పడుతుంది, కింద మనుషులు చీమల్లా తిరుగుతుంటారు. నేల టెరాజో, మన మొజాయిక్ లాంటి గట్టి నేల. నేను హీల్స్ వేసుకెళ్లాను. పదకొండయ్యేసరికి మడమల మీద చర్మం లేదు. దీనికి సంఘాన్ని అనను గానీ, రెండు మెయిళ్లలో తెల్లకోటు గురించి రాసినవాళ్లు చెప్పుల గురించి ఒక్క ముక్క రాయొచ్చు.

ఇప్పుడు అసలు తప్పు. మమ్మల్ని నలుగురైదుగురి గుంపులుగా విడగొట్టి ఒక్కో గుంపుకి ఆఫీసుల జాబితా ఇచ్చారు. మొదటి ఆఫీసులో కూర్చున్న అబ్బాయి మర్యాదగా నవ్వి అడిగిన మొదటి ప్రశ్న, ‘మీలో మా నియోజకవర్గం వాళ్లు ఎవరు?’ ఎవరూ కాదు. ఫారంలో నా క్లినిక్ అడ్రస్ తీసుకున్నారు, ఇంటి అడ్రస్ అడగలేదు. నేను ఉండేది ఒకచోట, పని చేసేది పక్క నియోజకవర్గంలో. మా గుంపులో మిగతావాళ్లదీ ఇంచుమించు అదే కథ. ఆ అబ్బాయి పెన్ను మూత పెట్టడం నేను చూశాను. తర్వాత చెప్పినవన్నీ విన్నాడు, తల ఊపాడు, పెన్ను మూత మాత్రం తియ్యలేదు. నియోజకవర్గం పేషెంట్ల గురించి చెప్పొచ్చు కదా అంటారు, చెప్పాం. కానీ ఆ నియోజకవర్గంలో ఓటు లేని మనిషి మాటకి అక్కడున్న విలువ పెళ్లిలో ఎదురింటివాళ్ల సలహాకి ఉన్నంతే. వెళ్లదలుచుకున్నవాళ్లు ఇంటి అడ్రస్ కొట్టి మీ సభ్యులెవరో ముందే చూసుకోండి, సంఘం చూస్తుందిలే అనుకోవద్దు. ఈ ఒక్కదానికే పూర్తిగా ఒక మార్కు తీసేశాను.

రెండోది మా ఊరి సభ్యుడి ఆఫీసు. దీనికి మాత్రం గుంపు పెద్దావిడని బతిమాలి జాబితా మార్పించుకున్నాను. సభ్యుడు సభలో ఉన్నారట, సహాయకురాలు వచ్చింది. ఇరవై నాలుగేళ్లు ఉంటాయేమో. కౌబాయ్ బూట్లు, చల్లారిపోయిన కాఫీ, ముఖంలో మూడు వారాల నిద్ర బాకీ. ఆరోగ్యం బిల్లులన్నీ తనే చూస్తుందని చెప్పింది. ‘మీరంటే నర్స్ ప్రాక్టీషనర్ల లాగానే కదా?’ అంది. (పై చదువు చదివి రోగుల్ని చూసే నర్సులు వాళ్లు.)

మా పిన్ని గుర్తొచ్చింది. ఫోల్డర్ తెరవబోయి ఆగాను. శిక్షణలో చెప్పిన నిర్వచనం చెప్పలేదు. ఇంట్లో అమ్మకి చివరికి ఎలా అర్థమైందో అలాగే అడిగాను: ‘మీ ఇంట్లో ఎవరికైనా ఈ మధ్య కుట్లు పడ్డాయా?’ తమ్ముడికట. ముళ్ల కంచె గీరుకుంటే తొమ్మిది కుట్లు. ‘ఎవరు వేశారు?’ ‘డాక్టర్’ అంది. ఆగింది. ‘ఉండండి. పీఏ అనుకుంటా. అమ్మ ఆమె పేరు కూడా చెప్పింది.’ ‘అదే మేము’ అన్నాను.

తర్వాత కంచె పెద్దాయన కథ చెప్పాను. పేరు లేకుండా, ఊరు లేకుండా. కిడ్నీలు, సెర్ట్రలీన్, పెళ్లిలో డాక్టర్, కారులో ల్యాప్‌టాప్. గంటా నలభై నిమిషాలు అన్నప్పుడు ఆ అమ్మాయి పసుపు కాగితాల ప్యాడ్ మీద ఆ అంకె రాసుకుంది. మేం అక్కడున్న ఏడు నిమిషాల్లో ఆమె రాసుకున్నది అదొక్కటే. చందా, బస్సు, మడమలు అన్నీ కలిపి నేను కొనుక్కున్న సరుకు అదే.

అంతలో గుంపు పెద్దావిడ ఫోల్డర్‌లో నాలుగో పేజీ తీసింది. రాష్ట్రాల జాబితా. నార్త్ డకోటా 2019లో చాలామంది పీఏలకి రాతపూర్వక ఒప్పందం అక్కర్లేదంది. యూటా, వయోమింగ్ 2021లో సడలించాయి. (ఐయోవా, అరిజోనా కూడా ఆ 2023లోనే అదే దారి పట్టాయి, అరిజోనాలో అయితే 8,000 గంటల అనుభవం ఉండాలి.) సమాచారం నిజమే, నాకు ఆసక్తిగానే ఉంటుంది. కానీ ఆ అమ్మాయి కళ్లు గడియారం మీదికి వెళ్లాయి. ‘పక్కింటి సురేష్‌కి 95 వచ్చాయి, నీకెన్ని’ అని అడిగే నాన్నల్లా ఉంటుంది ఈ పద్ధతి. టెక్సస్ వాళ్లకి నార్త్ డకోటాని చూపించి ఎవరైనా పని చేయించుకోగలరా? పైగా ఒక్కో ఆఫీసులో అడగాల్సినవి ఎక్కువ పెట్టారు. ఒకటి అడిగితే గుర్తుంటుంది, నాలుగు అడిగితే ఫోల్డర్ గుర్తుంటుంది.

మధ్యాహ్నం డబ్బా భోజనం. ‘వెజ్’ అని రాసిన దాంట్లో రెండు బ్రెడ్డు ముక్కల మధ్య పచ్చటి ఆకులు. నాకు ముందే అనుమానం ఉండి పులిహోర కట్టుకెళ్లాను. గుంటూరమ్మాయి, నేను ఎక్స్‌టెన్షన్‌లో ఒక బెంచీ మీద కూర్చుని తిన్నాం. ఎవరో కారిడార్‌లో పోతూ ‘ఆ వాసన ఏమిటి, బాగుంది’ అన్నాడు. చేతి బ్యాడ్జీ చూస్తే ఏదో బీమా కంపెనీ లాబీయిస్టు. ఆయనకీ పెట్టాం. ప్రత్యర్థి కాదు కదా.

ప్రత్యర్థులు అనదగ్గవాళ్ల సేవ ఎలా ఉంటుందో కూడా రాయాలి, రివ్యూ అన్నాక పోలిక ఉండాలి. టెక్సస్ మెడికల్ అసోసియేషన్ డాక్టర్ల కోసం ‘ఫస్ట్ ట్యూస్‌డేస్’ నడుపుతుంది. సెషన్ నడిచే నెలల్లో మొదటి మంగళవారం డాక్టర్లు తెల్లకోట్లు వేసుకుని ఇవే కారిడార్లలో తిరుగుతారు. ఒకటి కాదు, ప్రతి నెలా. మొదటిసారి ముఖం, రెండోసారి పేరు, మూడోసారి కాఫీ. మాది సెషన్‌కి ఒక్క రోజు. పరిధి పెంచే బిల్లులని వాళ్లు ఎందుకు ఆపగలుగుతున్నారో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

వాళ్ల వాదన గాలిమాట కూడా కాదు. వెళ్లొచ్చిన తర్వాత ఒకరింట్లో సత్యనారాయణ వ్రతంలో మన తెలుగు డాక్టరు గారు ఒకాయన పట్టుకున్నారు. గుండె డాక్టరు. ‘నీ మీద నమ్మకం లేక కాదమ్మా. నేను మెడికల్ స్కూలు అయ్యాక రెసిడెన్సీ, ఫెలోషిప్ కలిపి ఆరేళ్లు చేశాను. నువ్వు క్లినికల్‌గా రెండువేల గంటలు చేసి వచ్చావు. నీకు తెలియనిది ఏదో నీకు తెలియకపోతే ఎలా? పైగా మీరు అడుగుతున్నది హైడ్రోకోడోన్. దాని వల్ల ఈ దేశంలో ఎన్ని ఇళ్లు కూలాయో చూస్తున్నావుగా’ అన్నారు. మొదటి మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అందుకే నేను ఒప్పందాలన్నీ ఎత్తేయమనే జట్టులో లేను. ఈ విషయంలో మా సంఘానికీ నాకూ పడదు. కొత్తగా బయటికొచ్చిన పీఏకి తలుపు తట్టడానికి ఒక డాక్టర్ ఉండాలి, నాకు మొదటి రెండేళ్లు ఆ తలుపే దిక్కు. రెండో మాటకి మాత్రం జవాబు చెప్పాను. ‘మావయ్యా, ఇప్పుడు ఏం జరుగుతోంది? పేషెంటుని నేను చూస్తాను, డాక్టరు చూడకుండా ఫోన్‌లో నా మాట విని రాస్తారు. చూసిన మనిషి రాయకూడదు, చూడని మనిషి రాయొచ్చు. ఇందులో పేషెంటుకి అదనంగా దొరికిన రక్షణ ఏమిటి?’ ఆయన కాసేపు ఆలోచించి, ‘అదీ నిజమే, ప్రసాదం తీసుకున్నావా’ అన్నారు. గెలిచానని రాయను. ఆయన మాట మార్చారంతే.

మూడు మార్కులు దేనికంటే: న్యూస్‌లెటర్‌కి ఒకటి. నాలాంటి మనిషిని, ఎవరినీ తెలియకుండా, ఏ సిఫారసూ లేకుండా చట్టసభ ఆఫీసులో కూర్చోబెట్టినందుకు రెండు. తెనాలిలో మా నాన్న ఒక రేషన్ కార్డు పని కోసం ఎమ్మెల్యే గారి ఇంటి ముందు మూడు పొద్దుట్లు నిలబడిన రోజులు నాకు గుర్తున్నాయి. ఇక్కడ అపాయింట్‌మెంట్ ఉంది, కుర్చీ ఉంది.

2023 సెషన్ మే 29న ముగిసింది. షెడ్యూల్ 2 నిబంధన ఉన్నచోటే ఉంది. నేను శనివారాలు డాక్టర్‌కి ఫోన్లు చేస్తూనే ఉన్నాను. ఆయన కారులో ఒక పాత ల్యాప్‌టాప్ పర్మనెంట్‌గా పెట్టుకున్నాడు, అంతవరకు మార్పు. సభ్యత్వం దానంతట అదే రెన్యూ అయిపోయి కార్డు మీద డబ్బు కోసుకున్నాక మెయిల్ వచ్చింది. దీనికి ఇంకో అర మార్కు తీయాలి గానీ, ఎలాగూ కట్టేదాన్నే కాబట్టి వదిలేశాను.

ఆస్టిన్ నుంచి వచ్చిన మూడు వారాలకి ఆ కౌబాయ్ బూట్ల అమ్మాయి దగ్గర్నుంచి మెయిల్. రెండే వాక్యాలు. 2014కి ముందు టెక్సస్ పీఏలు హైడ్రోకోడోన్ రాసేవాళ్లని చెప్పారు కదా, ఆ తేదీ మళ్లీ చెప్తారా? ఆ పెద్దాయన చెయ్యి ఎలా ఉంది?

తేదీ పంపాను. చెయ్యి బాగా అతికిందని, ఎముకల డాక్టర్ కాగితంలో అలాగే ఉందని రాశాను. ఆ రాత్రి అమ్మకి ఫోన్‌లో ఇదంతా చెప్పాను. అంతా విని, ‘ఏడు నిమిషాల్లో ఆ పిల్లకి అర్థమైందా?’ అంది.

‘అయినట్టే ఉందమ్మా.’

‘మీ పిన్నికి ఆరేళ్లైనా కాలేదు. నిన్న కూడా పొరుగావిడతో కాంపౌండరనే చెప్తోంది’ అంది.